బైరాగి రైలు చూసే చోటు

జీవితమంతా వేటాడి బతికిన మనిషి, చేతికి చిక్కనిదాని కోసం, చిక్కినా ఏం చేసుకోవాలో తెలియనిదాని కోసం, రోజూ ఎండలో పోయి ఎందుకు కాచుకుని కూర్చుంటాడు? జాలరి బైరాగి తలపుకొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురుగా వచ్చి చతికిలబడుతుంది. ఇన్నేళ్ళయినా దీనికి జవాబు దొరకలేదు. పోనీ బైరాగినే అడిగి తెలుసుకోవచ్చు కదా అంటే, అదీ లాభం లేని పని. అడిగినవాళ్ళందరికీ అతను నిజమే చెప్పాడు. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

భావనపాడు రేవుకి కాస్త ఉత్తరంగా, ఇసుక దిబ్బల చాటున ఉన్న జాలరి పేట అతనిది. టెక్కలి, పలాస ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజులవి. రైలుదారి పడి అప్పటికే పదిహేనేళ్ళు దాటింది. పేటవాళ్ళకి రైలంటే భయమూ పోయింది, ముచ్చటా తీరింది. ఎండుచేపల తట్టలు ఎక్కనిస్తే మంచి రైలు, ఎక్కనివ్వకపోతే చెడ్డ రైలు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు.

సముద్రంలో చేపలు అంతటా ఉండవు. నీటి అడుగున బండలున్న చోట చేరతాయి. ఆ చోటు పైకి కనబడదు కాబట్టి, ఒడ్డు మీద గురుతులు పెట్టుకుని దాన్ని పట్టుకోవాలి. ఫలానా తాటిచెట్టు ఫలానా కొండ మెడ మీదికి రావాలి. అదే సమయానికి ఉప్పు కొటారు కప్పు ఫలానా దిబ్బ అంచుని తాకాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట వల దింపాలి. ఈ గురుతుల్ని తండ్రి కొడుక్కి చెప్పడమే గగనం. ఇక పక్కింటివాడికి చెప్పడమన్న మాటే లేదు. తెప్ప ఒడ్డుకి రాగానే "ఎక్కడ పడ్డాయిరా" అని అడగడం మర్యాద. అబద్ధం చెప్పడం అంతకన్నా పెద్ద మర్యాద. ఉత్తరాన పడితే దక్షిణాన పడ్డాయనాలి. తెప్ప నిండా వస్తే, ఏదో కూరకి సరిపడా దొరికాయనాలి. ఏమీ దొరకలేదని ఎవడైనా అన్నాడా, వాడికి ఏదో పెద్ద చోటు తగిలిందని ఆ సాయంత్రానికల్లా పేటంతా గుసగుసలు పోయేవి. వేట చోటు గురించి వేసిన ఒట్టుని గంగమ్మ తల్లి లెక్కలోకి తీసుకోదని కూడా వాళ్ళకొక నమ్మకం. అది లేకపోతే ఆ పేటలో ఒక్కడూ మిగిలేవాడు కాదు.

ఈ విద్యలో బైరాగి ఆరితేరినవాడు. అతని అబద్ధాలకి అందముండేదని, నమ్మి అటు తెప్ప తోలుకుపోయి ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ళు కూడా మెచ్చుకునేవారు.

ఏభై దాటాక ఒక తుపాను రోజున మోకు లాగుతూంటే అతని కుడి భుజం పట్టు తప్పింది. నూనె రాశారు, కట్టు కట్టారు, పొగ పెట్టారు. చెయ్యి మాత్రం చెవి దాకా లేవడం మానేసింది. తెప్ప కొడుకు చేతికి పోయింది. బైరాగి ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లంటే ఒక తాటాకు గది, దాని ముందు చేపలు ఎండేసే జాగా. ఇంతకాలం ఆ రెండిటికీ బొడ్డమ్మే రాణి.

"మగోడు పగలంతా ఇంటికాడుంటే ఇల్లు ఇరుకైపోతాది," అంది బొడ్డమ్మ ఒక పొద్దున. "కాకుల్ని తోలమంటే కాకుల్తో కబుర్లెడతావు. లెగు. ఈ తట్ట నౌపడా దాకా మొయ్యి."

"నా బుజం సూడవేటే."

"సెడింది కుడిది. ఎడందానికేటి రోగం? అది తొంగుని సానాళ్ళయింది. దాన్ని లేపు."

అలా బైరాగి ఎండు నెత్తళ్ళ తట్ట ఎడమ భుజాన వేసుకుని నౌపడా వెళ్ళాడు. తట్ట దించి స్టేషను కంచె పక్కన కూర్చుని ఉండగా మెయిలు బండి వచ్చింది. అతను అంతకుముందు రైలు చూడలేదని కాదు. వంద సార్లు చూశాడు. కానీ అప్పుడెప్పుడూ ఆ రైల్లో తట్ట ఎక్కించాలి, లేదా ఎక్కిన తట్ట దింపాలి. తట్ట మీద కన్ను ఉన్నవాడికి రైలు కనబడదు. ఆ రోజు అతనికి చేయాల్సిన పని ఏదీ లేదు. రైలు మొత్తం ఒక్కసారిగా అతని కంట్లో పడింది.

మర్నాడు బొడ్డమ్మ చెప్పకుండానే తట్ట ఎత్తుకున్నాడు.

రైలు చూడాలంటే ఎక్కడైనా చూడొచ్చని చూడనివాళ్ళు అనుకుంటారు. బైరాగి అలా అనుకోలేదు. వేటకి చోటు ఎంత ముఖ్యమో చూపుకీ అంతే ముఖ్యమని వారం తిరక్కుండా తెలుసుకున్నాడు. స్టేషను పనికిరాదని మొదటే తేలిపోయింది. అక్కడ రైలు ఆగుతుంది. ఆగిన రైలు రైలు కాదు, ఇళ్ళ వరస. పైగా "ఎక్కడికెల్తన్నావు?" అని ప్రతివాడూ అడుగుతాడు. ఎక్కడికీ లేదంటే ఆగి మరీ అడుగుతాడు.

గేటు దగ్గర కొన్నాళ్ళు నిలబడ్డాడు. చోటు బాగానే ఉంది గానీ గేటు కాపలాదారు మంచివాడు. ఆ మంచితనమే గొడవ. రోజంతా మాట్లాడేవాడు లేక నోరు కట్టుకుని ఉండి, సరిగ్గా బండి వచ్చే వేళకి పెద్ద కోడలి దౌర్జన్యాలన్నీ ఎత్తుకునేవాడు. వింటున్నట్టు ముఖం అటు తిప్పాల్సి వచ్చేది. తిప్పితే రైలు పోయేది.

గెడ్డ మీది వంతెన కింద కూర్చుంటే రైలు కడుపు తప్ప ఏమీ కనబడలేదు. తల పగిలేంత మోత, దానికి తోడు ఒక నిప్పురవ్వ రాలి తలగుడ్డ కాల్చింది. తలగుడ్డకి చిల్లెలా పడిందో బొడ్డమ్మకి చెప్పడానికి అతను చాలా శ్రమపడాల్సి వచ్చింది. కొబ్బరితోటలోంచి చూస్తే చెట్టుకీ చెట్టుకీ మధ్య తరిగిన చేపలా ముక్కలు ముక్కలుగా కనబడింది. పట్టాలకి మరీ దగ్గరగా నిలబడితే గాలి, దుమ్ము, మూసుకుపోయిన తన కనురెప్పలు. చేపని కంటికి ఆనించుకుంటే పొలుసు తప్ప ఇంకేం కనబడుతుంది?

వీటన్నిటికంటే పెద్ద తగువు ఎండకీ గాలికీ మధ్య ఉంది. పట్టాలకి తూర్పున కూర్చుంటే పొద్దున ఎండ వీపు వెనకుంటుంది. అది బాగుంటుంది. కానీ పొద్దున గాలి కొండల మీంచి సముద్రం వైపు వీస్తుంది కనక పొగంతా ముఖాన కొడుతుంది. మధ్యాహ్నం దాటితే గాలి సముద్రం మీంచి వచ్చి పొగని అవతలికి తోసేస్తుంది. అయితే ఎండ కళ్ళలో పడుతుంది. ఈ రెండిటికీ రాజీ కుదిరేది పొద్దెక్కి గాలి తిరిగే వేళ ఒక్కటే. ఆ వేళకి వచ్చే బండి మెయిలు ఒక్కటే. కాబట్టి మెయిలుకి తగిన చోటు కావాలి. ఇంత పని ఉందని ముందు తెలిస్తే ఇంట్లో ఇన్నాళ్ళు కాకుల్ని తోలుతూ కూర్చునేవాణ్ణి కానని బైరాగి అనుకున్నాడు.

చివరికి చోటు దొరికింది. నౌపడాకీ పూండికీ నడుమ, లైనుకి తూర్పున ఒక మెట్ట. దాని మీద మొగలిపొదలు. పొదల ముందు చాపంత నేల. అక్కడ కూర్చుంటే, కొండ పక్కనుంచి వచ్చే బండి మొదట ఒక నల్లచుక్క. ఆ చుక్క కదలదు, పెరుగుతుంది. ఎదురుగా పెరిగి పెరిగి ఇక మీద పడుతుందనిపించిన క్షణాన లైను వంపు తిరుగుతుంది. బండి పక్కకి ఒరిగి మొగం నుంచి తోక దాకా మొత్తం చూపించి, ఊపిరి బిగపట్టినంతసేపట్లో పోతుంది. నాలుగడుగులు ఇటు జరిగినా మొగం దొరకదు, అటు జరిగినా తోక దొరకదు. బైరాగి తన అలవాటు ప్రకారం తాటిచెట్టునీ కొండ మెడనీ ఒక చూపులో పెట్టి, ఉప్పు కొటారునీ వంతెన స్తంభాన్నీ ఇంకో చూపులో పెట్టి, ఆ చోటుని గురుతు వేసుకున్నాడు.

వలలోకి వచ్చిన గుంపు జారిపోతే జాలరివాడి కడుపు మండుతుంది. రైలు అంతా కళ్ళ ముందుకొచ్చి అంతా జారిపోయేది. అయినా కడుపు చల్లగానే ఉండేది. పోయినదాని గురించి బాధ లేకపోవడం ఆ మనిషికి అదే మొదలు. రోజంతా అతనికి కావాల్సింది ఆ ఒక్క నిమిషం. అది ఉంటే బొడ్డమ్మ మాటలు కూడా కమ్మగా వినబడేవి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మంచి చోటు దొరికిన జాలరివాడు దానికి నేరుగా వెళ్ళడు. బైరాగి తనకి తెలియకుండానే ముందు దక్షిణంగా రేవు వైపు నడిచి, దిబ్బల వెనక్కి దిగి, మొగలిపొదల చాటున ఉత్తరానికి తిరిగి, దారిలో ఎవరైనా కనబడితే కూర్చుని కాల్లో ముల్లు తీసుకుంటున్నట్టు నటించి, అప్పుడు మెట్ట ఎక్కేవాడు. నలభై ఏళ్ళ అలవాటు అది. తిన్నగా వెళ్ళి ఉంటే ఏ కుక్కా తల ఎత్తి చూసేది కాదు.

బొడ్డమ్మ తమ్ముడు తవిటయ్య చూశాడు. తవిటయ్యకి సొంతంగా చోట్లు కనిపెట్టే ఓపిక లేదు. ఇతరుల చోట్లు కనిపెట్టడంలో మాత్రం విసుగు లేదు. మూడు పూటలు వెనకపడి, నాలుగో పూట దారిలో ఎదురొచ్చాడు.

"ఏటి బావా, ముల్లు గుచ్చుకుందా?"

"గుచ్చుకుంది."

"నిన్నా ఈడే గుచ్చుకుంది. ఆ ముల్లుకి నీ కాలంటే మనసైనట్టుంది."

బైరాగికి నవ్వొచ్చింది. దాచడానికి ఇందులో ఏముంది అనిపించింది. "రైలు సూడ్డానికెల్తన్నాన్రా తవిటీ," అన్నాడు.

తవిటయ్య చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. అంత మంచి అబద్ధం విన్నప్పుడు మనిషి కాస్త సర్దుకోవాలి.

"బాగుంది బావా," అన్నాడు గౌరవంగా. "నీ తర్వాతే ఎవులైనా."

ఆ మధ్యాహ్నానికి పేటలో ప్రతి గడపకీ తెలిసింది. బైరాగికి నేల మీద ఏదో చోటు తగిలింది. అదేమిటో తెలియదు గానీ, అడిగితే రైలు చూడ్డానికి అన్నాడంటే చిన్నది మాత్రం కాదు. లంకెబిందెలన్నారు కొందరు. రైలు మీంచి దొరల సామానేదో జారిపడుతోందన్నారు కొందరు. ఎండుచేపల దగ్గర ఆడవాళ్ళు బొడ్డమ్మకి గాలి తగిలే మంచి జాగా వదిలిపెట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఇవ్వని మర్యాద అది. బొడ్డమ్మ ఆ జాగాలో నెత్తళ్ళు పరిచి, అటూ ఇటూ చూసి, తల కాస్త ఎత్తి నడిచింది.

అన్నం పెడుతూ నెమ్మదిగా కదిపింది. "ఊరందరికీ సెప్పకపోతే పోనీ. నానెవుల్ని? నాకు సెప్పవేటి?"

"సెప్తన్నాను కదే. రైలు సూత్తన్నాను."

"సూసి?"

"సూసి ఒచ్చేత్తన్నాను."

బొడ్డమ్మ గరిటె కింద పెట్టింది. "ముప్పై ఏళ్ళబట్టి నాతో అబద్దాలాడినావు. నానేటీ అన్లేదు. వాటిలో ఉప్పుండీది, కారముండీది. ముసిలోడివైపోనావు మావా. అబద్దం కూడా సప్పబడిపోనాది."

"ఒట్టే," అన్నాడు బైరాగి.

"ఒట్టొకటా," అని ఆమె ఇంకో ముక్క కూర అతని కంచంలో వేసింది. ఒట్టు దాకా వచ్చాడంటే వ్యవహారం పెద్దదే అయి ఉండాలని ఆమెకి నమ్మకం కుదిరింది.

పేట పెద్ద అప్పలసూరి ఈ సంగతి మూడు రోజులు విని, నాలుగో రోజు రేవు దగ్గర ఇసుకలో అందర్నీ కూర్చోబెట్టాడు. ఆయన వరసకి బైరాగికి మావ. ఏ తగువునైనా తన ఇంటి లాభానికి కాస్త దగ్గరగా జరిపి తీర్చగల నేర్పరి.

"సంద్రంలో సోటు కనిపెట్టినోడిదే," అన్నాడు అప్పలసూరి. "అది మన తాతలనాటి మాట. దాన్ని నాను కాదన్ను. మరి నేల మీద సోటు ఎవులిది?"

ఈ ప్రశ్న ఇంతవరకు రాలేదు. నేల మీద ఆ పేటవాళ్ళకి ఎప్పుడూ ఏమీ దొరకలేదు.

"పేటది," అన్నాడు తవిటయ్య వెనకనుంచి.

"పేటదే," అని అప్పలసూరి తీర్పు చెప్పేశాడు. "అక్కడేటున్నాది బైరాగీ?"

"రైలున్నాది మావా."

"రైలు అందరికీ కనబడతాది కదా. దానికి దిబ్బల ఎనక నుంచి తిరిగెల్లాలా?"

తానెందుకు అలా తిరిగి వెళ్తున్నాడో బైరాగి కూడా అప్పుడే ఆలోచించాడు. "గంగమ్మ మీద ఒట్టు మావా. రైలే," అన్నాడు.

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "గంగమ్మ దాకా ఎల్లిపోనాడు," అని ఎవరో మెల్లగా అన్నారు. కూర్చున్నవాళ్ళు ఇంకాస్త ముందుకి జరిగారు.

అప్పలసూరి దిగులుగా తల ఊపాడు. "సూపించు. మాకేటీ అక్కర్లేదు. సూపిత్తే సాలు."

ఆ రాత్రి బైరాగికి రెండు దారులు తోచాయి. ఒకటి, ఎక్కడో పనికిరాని చోటు చూపించి తప్పించుకోవడం. అలాంటివి అతని దగ్గర బోలెడున్నాయి. గెడ్డ వంతెన ఒక్కటి చాలు. కానీ తవిటయ్య వెనకబడి చూసిన మనిషి. అబద్ధం నిలవదు. రెండోది, అసలు చోటే చూపించడం. చూస్తారు, అక్కడేమీ లేదని తెలుసుకుంటారు, విసుగెత్తి పోతారు, తన చోటు తనకి మిగులుతుంది. ఇది తెలివైన పనని అతనికి తోచింది. మనుషుల గురించి అతనికి తెలిసిందంతా సముద్రం మీద తెలిసింది. అక్కడ ఏమీ పడని చోటుకి ఎవరూ రెండోసారి రారు.

మర్నాడు సగం పేట మెట్ట ఎక్కింది. మొగలిపొదల కింద తవ్వారు. ఎర్రమట్టి వచ్చింది. మట్టి ఎందుకంత ఎర్రగా ఉందని కాసేపు వాదించారు. ఇంతలో కొండ పక్కన నల్లచుక్క కనబడింది.

"అదే," అన్నాడు బైరాగి. తనకున్న ఒక్క మంచి వస్తువుని మొదటిసారి ఇంకొకరికి చూపిస్తున్నాడు.

నల్లచుక్క పెరిగింది. జనం బాగా కనబడాలని మెట్ట దిగి లైను దాకా పోయి నిలబడ్డారు. పట్టాల పక్కన గుంపుగా మనుషులు, చేతుల్లో పారలు. డ్రైవరు చూశాడు. కూత మొదలుపెట్టాడు. కూత మీద కూత వేస్తూ బండి నెమ్మదించింది, వంపు దగ్గర మరీ నెమ్మదించింది. ఎడ్లబండి జోరుకి వచ్చింది. డ్రైవరు బయటికి ఒరిగి చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా అన్నాడు.

"ఏదో సెప్తన్నాడు బావా," అన్నాడు తవిటయ్య.

"తిడతన్నాడు."

"నీకు తెలిసినోడేనా?"

డ్రైవరుకి కోపం ఆగక బొగ్గుపెళ్ళ ఒకటి తీసి గుంపు మీదికి విసిరాడు. అది అప్పలసూరి కాళ్ళ దగ్గర పడింది. అప్పలసూరి దాన్ని వంగి తీసి, అటూ ఇటూ తిప్పి, కండువాలో మూట కట్టుకున్నాడు. బండి ఈడ్చుకుంటూ పోయింది.

ఇంత పెద్ద రైలు, స్టేషను కాని చోట, తమ ముందు నెమ్మదించింది. దొరల బండి నడిపేవాడు బయటికి వంగి పలకరించాడు. చేతికి అందేలా వస్తువు ఇచ్చాడు. ఇక బైరాగి చెప్పినదాంట్లో నిజమెంతో వాళ్ళకి తేలిపోయింది.

"ముందు బొగ్గే ఇత్తారు," అన్నాడు తవిటయ్య. "నమ్మకం కుదిరినాక మిగతావి."

తిరిగి పేటకి చేరాక, రానివాళ్ళు వచ్చినవాళ్ళని అడిగారు. "ఏటి దొరికింది?" ఒక్కొక్కరూ "ఏటీ దొరకలేదు" అన్నారు. ప్రతివాడూ ఉన్న మాటే అన్నాడు. ప్రతివాడూ అవతలివాడి నడుం వైపు అనుమానంగా చూశాడు. దొరకలేదన్న మాట అన్ని నోళ్ళా ఒకేలా వచ్చేసరికి, అందరికీ ఏదో దొరికిందని, తనకి ఒక్కడికే దొరకలేదని ఎవరికివారు నిద్రపోకుండా ఆలోచించారు. మర్నాడు మిగతా సగం పేట కూడా వచ్చింది.

ఆ తర్వాత రోజుల్లో బైరాగి చోటుకి పట్టిన వైభోగం అంతా ఇంతా కాదు. అప్పలసూరి ఇంటివాళ్ళకి ముందు వరస. తెప్పలున్నవాళ్ళకి రెండో వరస. వలలు మాత్రమే ఉన్నవాళ్ళకి పొదల పక్కన. గురుతు ప్రకారం చూపు కలిసే చాపంత నేల మీద అప్పలసూరి భార్య రత్నాలమ్మ చాప పరుచుకుని కూర్చునేది. ఆమెకి చూపు సరిగ్గా ఆనదు. అందుకని ఏం జరుగుతోందో పక్కనున్న కోడలు చెబుతూ ఉండాలి.

బైరాగికి వెనక్కి జరగక తప్పలేదు. అక్కడినుంచి చూస్తే తలలు కనబడేవి, తలల మీద పొగ కనబడేది. రైలుని ఎవరూ చూసేవారు కాదు. రైలు వచ్చేటప్పుడు అందరూ పక్కవాడి చేతులు చూసేవారు. అయినా అతను ఇంకా ఆశ వదులుకోలేదు. వర్షాలు పడితే మానేస్తారనుకున్నాడు. చవితి దాటితే మానేస్తారనుకున్నాడు. వేటలు బాగా పడే నెల వచ్చింది. తెప్పలు ఒడ్డునే ఉన్నాయి.

ఒక పొద్దున జనం ఇంకా రాకముందే వెళ్తే, లైను బాగుచేసే గ్యాంగు మేస్త్రి సన్యాసయ్య మనుషులతో లైను పక్కన గుంజ పాతిస్తున్నాడు. గుంజకి పలక. పలక మీద ఏదో రాత.

"ఏటిది బాబూ?"

"కూత పలక. ఇక్కడికొచ్చినాక ప్రతి బండీ కూతెయ్యాలి, నెమ్మదిగా పోవాలి. జనం పట్టాల మీద పడతన్నారని పైనుంచి హుకుం వచ్చింది." సన్యాసయ్య చెమట తుడుచుకున్నాడు. "మీ పేటోళ్ళకి పనుల్లేవేటయ్యా?"

బైరాగి పలక వైపు చూస్తూ నిలబడ్డాడు. "జనం రావడం మానేత్తే పలక తీసేత్తారా?"

"పాతడం నా పని. తియ్యడం ఎవుడి పనో నాకు తెల్దు. ఇంతవరకూ తీసింది నాను సూళ్ళేదు."

సన్యాసయ్య బీడీ ముట్టించాడు.

"నువ్వు రైలు సూడ్డానికే వచ్చీవోడివి కదా," అన్నాడు సన్యాసయ్య. "ఒక్కడివీ వచ్చి ఆ పొదల్లో కూకునీవోడివి. లైను మీంచి సూసీవోణ్ణి."

బైరాగి తిరిగి చూశాడు. "నువ్వు నమ్మినావా?"

"నమ్మకేటి? కూకున్నావు, సూసినావు, ఎల్లిపోనావు. నాను జాలరోణ్ణి కాను."

ఇన్నాళ్ళకి తన నిజాన్ని నిజంగా తీసుకున్న మనిషి దొరికాడు. బైరాగి అతని పక్కన కూర్చుని, గాలికీ ఎండకీ ఉన్న తగువు, మెయిలు వచ్చే వేళ, నాలుగడుగులు జరిగితే పోయే మొగం, తోక, అన్నీ చెప్పాడు. సన్యాసయ్య బీడీ ఆరిపోయేదాకా విన్నాడు. రైలు మీద బతికే ఉద్యోగం అతనిది. దాన్ని కూర్చుని చూడొచ్చన్న సంగతి అతనికి కొత్త.

"పలాస దాటినాక మందస దారిలో మా బామ్మర్ది పనసతోటకి కాపలా మనిసిని ఎతుకుతన్నారు," అన్నాడు చివరికి. "లైను పక్కనే. ఊరు దూరం. అక్కడ బండి దిగుడులో పడి మా జోరుగా పోతాది. కోతులు తప్ప మనుసులు రారు. నీకు ఒక సెయ్యే పనిసేత్తాదని సెప్తాను. కోతులకి ఆ సంగతి తెల్దు కదా."

బైరాగి మాట ఇవ్వలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించాడు. తెప్ప కొడుకుది. ఎండుచేపల జాగా బొడ్డమ్మది. మెట్ట అప్పలసూరిది. ఆ పేటలో తనకంటూ ఉన్నదేదో లెక్క చూసుకుంటే, ఆ ఒక్క నిమిషం తప్ప ఏదీ తగల్లేదు. దాన్ని ఇక్కడే ఉంచుకోవాలంటే, చూసింది చూసినట్టు చెప్పినా నమ్మని ఇన్ని వందల మందిని నమ్మించాలి. అది తన వల్ల కాదు. ఇక బొడ్డమ్మ సంగతి. వారం వారం పలాస సంతకి ఎండుచేపలు తెస్తుంది. సంతలో కలుసుకోవచ్చు. సంతలో అయితే మంచి జాగాలో కూర్చున్న ఆనందంలో ఉంటుంది, తిట్లు తక్కువ.

మూడో రోజు పేట కొత్త ముచ్చటకి పూనుకుంది. కూత పలక పాతారంటే, రైలు కుంఫిణీవాళ్ళు తమ పేటని గుర్తించి స్టేషను కట్టబోతున్నారని తవిటయ్య తేల్చాడు. పలకకి పసుపు రాశారు. చోటు కనిపెట్టినవాడికి మర్యాద చెయ్యాలని అప్పలసూరి నిర్ణయించాడు. బైరాగి మెడలో కొత్త కండువా వేసి, అందరికంటే ముందు, పట్టాలకి ఎదురుగా బల్లపీట వేసి కూర్చోబెట్టారు. ఆ బల్లపీట మీంచి చూస్తే కొండ పక్క మొగమూ కనబడదు, వంపు తర్వాత తోకా కనబడదు. పలక మాత్రం చక్కగా కనబడుతుంది.

"సెప్పు బైరాగీ," అన్నాడు అప్పలసూరి, వెనకున్నవాళ్ళకి కూడా వినబడేలా. "ఇన్నాళ్ళూ దాసినావు. ఇప్పుడు మనందరం ఒకటే. రైలు ఎందుకు ఆగుతాదిక్కడ?"

"మనం నిలబడ్డామని మావా."

జనం మెచ్చుకోలుగా గొణిగారు. బైరాగి ఇంకా చెప్పడం లేదు. చివరిదాకా చెప్పనివాడే మొనగాడు.

"మా మావ అంతే," అంది వెనకనుంచి బొడ్డమ్మ, పక్కావిడతో. "సచ్చినా సెప్పడు." ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆమె అతని గురించి అలా మాట్లాడ్డం బైరాగి వినలేదు. ఒక క్షణం పీట మీదే ఉండిపోదామా అనిపించింది.

మెయిలు వచ్చింది. కొండ పక్కనే కూత మొదలైంది. పలక దగ్గరికి రాకముందే బండి మెత్తబడిపోయింది. ఒకప్పుడు మీద పడేలా వచ్చిన నల్లచుక్క, ముసలెద్దు కళ్ళానికి వచ్చినట్టు తల ఊపుకుంటూ వస్తోంది. జనం అందరూ లేచి నిలబడి చేతులు చాచారు. ఎవడి చేతిలో ఏం పడుతుందోనని ఎవరికివారు పక్కవాడి చేతులు చూస్తున్నారు.

బైరాగి కండువా తీసి పీట మీద పెట్టాడు. లేచి పట్టాలు దాటాడు. పరుగెత్తాల్సిన పని లేకపోయింది. బండి అంత నెమ్మదిగా వస్తోంది. అవతలి గట్టు మీదికి చేరాక ఇంజను అతనికీ పేటకీ నడుమ వచ్చింది. దాని వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె.

చక్రాల సందుల్లోంచి అటుపక్క కాళ్ళు కనబడుతున్నాయి. ఇసుక పట్టిన కాళ్ళ మధ్య పసుపు రాసిన పాదాలు రెండు. ఎడమ కాలి మట్టె వంకరపోయి ఉంది. బొడ్డమ్మవి. వెళ్తున్నానని ఒక్క కేక వెయ్యొచ్చు. ఎక్కడికని అడుగుతుంది. ఉన్నమాట చెబితే ఏదో దాస్తున్నాడనుకుంటుంది. లేని మాట చెబితే పక్కావిడతో కలిసి మెచ్చుకుంటుంది.

"సూసినారా," అంటున్నాడు తవిటయ్య అటునుంచి, చక్రాల చప్పుడు మీదుగా. "మా బావ కూకుంటేనే ఇంత నెమ్మదిగా పోతాది."

బండి ఇంకా సగం కూడా దాటలేదు. బైరాగి గట్టు దిగి, వరిచేల మధ్య గట్టెమ్మట పలాస వైపు నడిచాడు.